వియన్నా పాత ఊళ్లో అమ్మానాన్నలతో నడక: మా కుటుంబానికి మాత్రమే గైడ్‌ని పెట్టుకోవాలా?

తెనాలి_అమ్మాయి (మ్యూనిక్)

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు వచ్చే నెల నా దగ్గరికి వస్తున్నారు. మ్యూనిక్ నుంచి వియన్నాకి రైల్లో నాలుగు గంటలే కాబట్టి ఒక వారాంతం అక్కడ గడుపుదామని ఆలోచన.

నాన్న మున్సిపాలిటీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్లినా ఆయన చూపు ముందు కాలవల మీద, కుళాయిల మీద పడుతుంది. నేతాజీ అంటే ప్రాణం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కాస్త నడిస్తే కాసేపు కూర్చోవాలి. ఇద్దరూ శాకాహారులే.

మొదట ఎక్కి దిగే టూరిస్టు బస్సు అనుకున్నాను. మా ఆఫీసులో ఒకావిడ, "పాత ఊరు బస్సులోంచి కనబడదు, మీ ముగ్గురికే ఒక గైడ్‌ని మాట్లాడుకో" అంది. కనుక్కుంటే మూడు గంటలకి 200 యూరోల పైచిలుకు చెప్పారు. రూపాయల్లోకి మారిస్తే నాన్న చస్తే ఒప్పుకోరు. అంత పెట్టొచ్చా? పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు ఇద్దరూ చెప్పండి.

బ్యాక్‌ప్యాక్_రవి (హైదరాబాద్)

నా మాటైతే వద్దు. వియన్నా నడిబొడ్డున దారి తప్పడమే కష్టం. స్టెఫాన్స్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్ నుంచి పైకి రాగానే ఎదురుగా సెయింట్ స్టీఫెన్ కెథీడ్రల్. అక్కణ్నుంచి గ్రాబెన్, కోల్‌మార్క్ట్, హోఫ్‌బుర్గ్ రాజభవనం వరసగా వచ్చేస్తాయి. ఫోన్‌లో ఆడియో గైడ్ పెట్టుకోండి. మనిషి గొంతు కావాలంటే, గొడుగు పట్టుకుని నిలబడతారే, చివర్లో మనకి తోచినంత టిప్పు ఇచ్చే ఆ టూర్లో చేరండి.

మిగిలిన డబ్బుతో కళా చరిత్ర మ్యూజియంకి వెళ్లండి. బ్రూగెల్ అనే పాతకాలపు చిత్రకారుడి బొమ్మలు ప్రపంచంలో ఇంకెక్కడా అన్ని ఒకే చోట లేవు. ఆ గదిలో బెంచీ మీద కూర్చుని ఎంతసేపు చూసినా ఎవరూ లెమ్మనరు. మీ అమ్మగారి మోకాళ్లకీ అదే మంచిది.

డాన్యూబ్_శ్రీ (వియన్నా)

రవి చెప్పిన మ్యూజియం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. గైడ్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఇంటికొచ్చే చుట్టాలందర్నీ ఈ వీధుల్లో తిప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ రేటు మనిషికి కాదండీ, గుంపు మొత్తానికి. ముగ్గురికీ పంచి చూడండి. ఎక్కి దిగే బస్సుకి ముగ్గురికి టికెట్లు కొని, దాని మీద ఆడియో గైడ్లు తీసుకుంటే తేడా మీరనుకున్నంత ఉండదు.

టిప్పు టూర్లలో ఇరవై, ముప్పై మంది ఉంటారు. గైడ్ అందరినీ లాక్కుంటూ పోవాలి. మీ అమ్మగారు ఒక మెట్టు మీద కూర్చుంటే ఆ గుంపు మలుపు తిరిగిపోతుంది. ఆవిడ మొహమాటానికి నొప్పి బయటికి చెప్పకుండా నడిచేస్తారు. మన పెద్దవాళ్ల సంగతి మనకి తెలుసు కదా.

ఆస్ట్రియాలో గైడ్ పని ఎవరు పడితే వాళ్లు చేసేది కాదు. చట్టప్రకారం లైసెన్సు కావాలి, దానికి చరిత్ర, కళ, భాషల్లో పరీక్ష పాసవ్వాలి. వాళ్ల దగ్గర "ఆస్ట్రియా గైడ్" అని రాసిన బ్యాడ్జి ఉంటుంది, అది చూసి మాట్లాడుకోండి. "మావాడొకడు అక్కడే ఉన్నాడు, ఓ వంద ఇస్తే తిప్పుతాడు" అని ఎవరన్నా అంటే వద్దనండి. డబ్బు తీసుకుని తిప్పే హక్కు లైసెన్సు లేనివాడికి లేదు, పట్టుకుంటే జరిమానా.

ఇక నడక. పాత ఊరంటే రింగ్‌స్ట్రాసె అనే రోడ్డు లోపలి భాగం. పూర్వం ఆ రోడ్డు ఉన్నచోట కోటగోడ ఉండేది. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ గోడ కొట్టేయమని ఆజ్ఞ ఇచ్చాడు, 1865లో రింగు రోడ్డు తెరిచారు. ఆ గోడ లోపల ఇరుకుగా పెరిగిన ఊరు కాబట్టి అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అందులో సగం కూడా చూపించమనకండి. ఒక మూల చాలు. గైడ్‌తో ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే పాపం వాళ్లు డబ్బు తీసుకున్నాం కదా అని అన్నీ చూపించాలని చూస్తారు.

హనుమకొండ_సుధ (ఫ్రాంక్‌ఫర్ట్)

నాకూ ఇదే ప్రశ్న, నా ఇద్దరు పిల్లలతో. చిన్నది నాలుగో తరగతి, పెద్దోడు ఏడు. ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా.

లక్ష్మి_పిన్ని (రాజమండ్రి)

అమ్మాయ్, మీ అమ్మకి మోకాళ్లన్నావు కాబట్టి రాస్తున్నా, నావీ అవే మోకాళ్లు. మా అమ్మాయి, అల్లుడు వియన్నా తీసుకెళ్లినప్పుడు నడివయసు గైడ్ ఒకావిడని పెట్టారు. ఆవిడ మమ్మల్ని కెథీడ్రల్ బయటే ముప్పావు గంట నిలబెట్టింది. నిలబెట్టిందంటే, నేను అరుగు మీద కూర్చున్నా, ఆవిడ నిలబడి చెప్పింది.

ఆ పెద్ద గుమ్మానికి ఎడంపక్క గోడలో రెండు ఇనప కడ్డీలు బిగించి ఉంటాయి. వెయ్యిమంది దాని ముందు ఫొటోలు దిగుతున్నారు, ఒక్కరూ వాటికేసి చూడట్లేదు. అవి బట్ట కొలిచే బద్దలట. ఒకటి నార బట్ట కొలవడానికి, రెండోది ఉన్ని బట్టకి. పొడుగుది తొంభై సెంటీమీటర్లకి కాస్త తక్కువ, పొట్టిది డెబ్బై ఎనిమిదికి కాస్త తక్కువ. సంతలో బట్ట కొన్నవాడికి అనుమానం వస్తే నేరుగా గుడి గోడ దగ్గరికొచ్చి కొలుచుకునేవాడు. మా నాన్నగారిది బట్టల కొట్టు. ఆయన చేతిలో గజం బద్ద, రెండు చివర్లా ఇత్తడి పొన్నులు, దాని మీద ప్రభుత్వం ముద్ర, ఏటేటా తనిఖీ. అవన్నీ కళ్ల ముందు కదిలాయి. నా చెయ్యి ఆ కడ్డీ పొడుగునా పెట్టి చూసుకున్నా. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

పక్కనే రాతి మీద గుండ్రటి గుర్తొకటి ఉంది. అది రొట్టె కొలత అని జనం చెప్పుకుంటారు. ఆవిడ ఆ కథ చెప్పి, వెంటనే "ఇది చెప్పుకునే మాట మాత్రమే, పాత తలుపు కొక్కెం రాసుకుని పడ్డ గుర్తు అనే వాళ్లూ ఉన్నారు" అంది. ఏది రుజువైందో, ఏది కథో విడదీసి చెప్పడం నాకు చాలా నచ్చింది.

కాఫీ గురించీ అంతే. 1683లో టర్కీ సైన్యం ముట్టడి వదిలేసి వెళ్తూ కాఫీ గింజల మూటలు పారేసిందనీ, వాటితో ఒక గూఢచారి మొదటి కాఫీ హోటల్ పెట్టాడనీ ఊరంతా చెబుతారు. నిజానికి 1685లో అనుమతి పొంది మొదట కాఫీ అమ్మింది యొహాన్నెస్ దియోదాతో అనే ఆర్మీనియన్ వర్తకుడని చెప్పింది.

గుమ్మానికి కుడిపక్క ఒక అద్దం పలక వెనక రాతి మీద "ఓ5" అని గీసి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హిట్లర్‌కి ఎదురు తిరిగిన ఆస్ట్రియన్ల రహస్య గుర్తు అది. పట్టుబడితే ప్రాణం పోయే రోజుల్లో ఊళ్లోకెల్లా పెద్ద గుడి గోడ మీద గీశారు. నేను ఒక్కదాన్నే వెళ్లుంటే ఆ రెండూ చూడను, నాకు తెలీదు కాబట్టి.

బ్యాక్‌ప్యాక్_రవి

పిన్నిగారూ, చాలా బాగా రాశారు. కానీ ఓ మాట. ఇప్పుడు మీ పోస్టు చదివినవాళ్లు ఎవరైనా గైడ్ లేకుండానే వెళ్లి ఆ కడ్డీలు చూడొచ్చు కదా? ముందుగా కాస్త చదువుకుని వెళ్తే సరిపోతుందని నేను అనేది అందుకే.

లక్ష్మి_పిన్ని

చూడొచ్చు బాబూ. కానీ నేను ఆ గోడ దగ్గర ఆవిణ్ని వరసగా అడుగుతూనే ఉన్నా. తప్పు కొలిచినవాడికి శిక్షేంటి? బట్ట అమ్మేవాళ్లలో ఆడవాళ్లు ఉండేవారా? ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నని తెచ్చింది. రాసిపెట్టినదాన్ని ఎదురు ప్రశ్న ఎలా అడుగుతాం?

కొల్లేరు_కొంగ (బెంగళూరు)

నా అనుభవం చేదు. వేరే దేశంలో, పేరు చెప్పను, ఒక సంస్థ ద్వారా ప్రైవేట్ గైడ్‌ని పెట్టుకున్నాం. గంట తిప్పాడు, మిగతా సమయమంతా తోలు సామాన్ల షాపులో, పరిమళాల షాపులో కూర్చోబెట్టాడు. మా ఆవిడ వద్దంటే మొహం మాడ్చుకున్నాడు. అప్పట్నుంచి మాకు ఆ ఊసే వద్దు.

డాన్యూబ్_శ్రీ

కొంగ గారూ, అలాంటివి జరగకుండా బుక్ చేసేటప్పుడే "షాపుల్లోకి వెళ్లం" అని ఒక్క లైను రాయండి. మంచి గైడ్ దానికి నొచ్చుకోరు. గైడ్‌కే నేరుగా మెయిల్ పెట్టడం ఇంకా మంచిది. మధ్యలో సంస్థ ఉంటే మీరు రాసింది నడిపించే మనిషి దాకా చేరదు, ఎవరు వస్తారో ఆ పొద్దునదాకా తెలీదు. ఇక్కడి గైడ్లు చాలామంది వాళ్ల సొంత పేజీల్లో ఏ విషయం మీద పట్టుందో రాసుకుంటారు: సంగీతం, యూదుల చరిత్ర, కట్టడాలు, పిల్లల టూర్లు.

తెనాలి గారూ, మీ నాన్నగారి గురించి మాకు రాసిందంతా గైడ్‌కీ రాయండి. మున్సిపాలిటీ, కుళాయిలు, నేతాజీ. ఉత్తినే అనట్లేదు. వియన్నాలో ఈ మూడూ ఒకే కథలో కలుస్తాయి.

కొత్తగూడెం_కుర్రోడు (గ్రాజ్, ఆస్ట్రియా)

శ్రీ అన్న కుళాయిలు అంటుంటే నాకొకటి గుర్తుకొచ్చింది. నేను ఈడ జియాలజీ చదువుతున్న. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల కెళ్లి వస్తయి. ఆ మొదటి పైపులైను 1873ల మొదలైంది. పంపుల్లేవు, కొండ మీదికెళ్లి ఊరిదాకా వాలు మీదనే నీళ్లు నడుస్తయి. అప్పటిదాకా ఊళ్లె బావులల్ల మురుగు కలిసి కలరా, టైఫాయిడ్ తోని జనం చచ్చిపోతుండిరి. ఈ పైపులైను కావాలని నగర కౌన్సిల్‌ల పట్టుబట్టి సాధించింది ఎడ్వర్డ్ సూస్ అనే జియాలజీ ప్రొఫెసర్.

గోండ్వానా అని పాత మహాఖండం గురించి చదువుకున్నం గద, దాన్ని ప్రతిపాదించింది గూడ ఆ సూసే. మా సింగరేణి బొగ్గు ఉన్నది ఆ గోండ్వానా రాళ్లల్లనే, గోదావరి లోయ పొడుగునా. మా నాయిన గనిల దిగి పనిచేసిండు. అందుకే వియన్నాల ఎప్పుడు కుళాయి తిప్పినా నాకు ఆ పెద్దమనిషి యాదికొస్తడు.

మీ నాన్నకు ష్వార్ట్‌సెన్‌బెర్గ్‌ప్లాట్జ్ కాడ పెద్ద ఫౌంటెన్ చూపియ్యి అక్కా. ఆ పైపులైను ప్రారంభించిన గుర్తుకు కట్టిందే అది. నీళ్ల సీసాలు కొనకున్రి, వీధుల్ల తాగే నీళ్ల కుళాయిలు ఉంటయి, సీసా నింపుకోవచ్చు.

తెనాలి_అమ్మాయి

తమ్ముడూ, నీ పోస్టు నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. "పంపుల్లేకుండా వాలు మీదేనా? మరి లోయ అడ్డమొస్తే?" అని అడిగారు. ఇక బుక్ చేయడం ఖాయం. ఖర్చు మాత్రం నేను పెడుతున్నానని ఆయనకి చెప్పను.

కొత్తగూడెం_కుర్రోడు

లోయలు దాటనీకి రాతి కమానుల మీద కాలువ కట్టిన్రు. బాడెన్, మోడ్లింగ్ దిక్కు ఇప్పటికీ నిలబడి ఉన్నయి. నాన్నకు నా నమస్కారం చెప్పు.

హనుమకొండ_సుధ

తిండి సంగతి కూడా ఎవరన్నా చెప్పండి.

డాన్యూబ్_శ్రీ

తిండి: తేటగా ఉండే చారు ఏదైనా ముందు అడగండి. దోసెని సన్నగా తరిగి వేసినట్టుండే సూప్ ఒకటి అన్ని హోటళ్లలోనూ ఉంటుంది, చూస్తే శాకాహారమే అనిపిస్తుంది, కానీ ఆ చారు గొడ్డు మాంసంతో కాస్తారు. చీజ్ వేసిన పిండి ముద్దలు దొరుకుతాయి, వాటిలో గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా తిననివాళ్లకి ఫలాఫెల్, బంగాళాదుంప సలాడ్ (మాంసం చారు కలిపారేమో అడగండి), ఇండియన్ హోటళ్లు. గైడ్‌కి ఇది కూడా ముందే రాస్తే దారిలో సరైన చోట ఆగుతారు.

కాఫీ హోటల్లో ఒక్క కాఫీ చెప్పి గంటసేపు కూర్చోవచ్చు, పక్కన గ్లాసుడు మంచినీళ్లు కూడా పెడతారు. అమ్మగారికి నడక మధ్యలో ఇదే విశ్రాంతి.

బాత్రూములు: గ్రాబెన్ వీధి కింద 1905 నాటి పాత చెక్క తలుపుల పబ్లిక్ టాయిలెట్లున్నాయి, డబ్బులిచ్చి వాడాలి. మెట్లు దిగాలి, అదొక్కటే ఇబ్బంది.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి, కెథీడ్రల్‌లో పొద్దున ప్రార్థనలు జరుగుతుంటాయి కాబట్టి లోపల తిరగనివ్వరు. నడక శనివారం పెట్టుకోండి.

మోడరేటర్

రైలు టికెట్ల గురించి వచ్చిన ప్రశ్నలు వేరే థ్రెడ్‌కి మార్చాం. ఇక్కడ నడక, గైడ్ల గురించి మాత్రమే రాయగలరు.

తెనాలి_అమ్మాయి

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాన్న పక్కన కూర్చుని "ఇది రాశావా, అది రాశావా" అని గుర్తు చేస్తూ రాయించారు.

శ్రీ గారు చెప్పినట్టే నేరుగా ఒక గైడ్‌కి రాశాను. ఆవిడ మర్నాడే జవాబిచ్చారు: "మీ నాన్నగారి కోసం దారి మారుస్తాను. కెథీడ్రల్ దగ్గర కాకుండా మిఖాయెలర్‌ప్లాట్జ్ దగ్గర మొదలుపెడదాం." అది రాజభవనం ముందున్న గుండ్రటి కూడలి. ఎందుకక్కడో అర్థం కాలేదు.

ఆ కూడలి నడిమధ్య నేల తవ్వి రోమన్ల కాలపు గోడలు తెరిచి ఉంచారు. 1990 ప్రాంతంలో బయటపడ్డాయట. వాటి మీదుగా ఎదురుగా చూస్తే రాజభవనం, వెనక్కి తిరిగితే ఒక నున్నటి భవనం. కింద రెండంతస్తులు ఆకుపచ్చ చలవరాయి, పైన తెల్లటి గోడ, గోడకి వరసగా కిటికీలు, ఒక్క నగిషీ లేదు. ఇప్పుడక్కడ బ్యాంకు ఉంది. గైడ్ నాన్నకేసి తిరిగి, "సార్, ఈ భవనం పనిని మీ డిపార్టుమెంటు ఆపేసింది" అన్నారు.

1910లో అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు దీన్ని కడుతుంటే కిటికీల చుట్టూ అలంకారాలేవీ లేవని ఊరు గగ్గోలెత్తిందట. కనుబొమలు లేని ఇల్లని వెక్కిరించారు. చక్రవర్తి గుమ్మం ఎదుటే ఇంత బోడి భవనమా అని నగరపాలక సంస్థ పని ఆపించింది. చివరికి లోస్ కిటికీల కింద పూలకుండీలు పెట్టడానికి ఒప్పుకుంటే అనుమతి దక్కింది. ఆ కుండీలు ఇప్పటికీ ఉన్నాయి. నాన్న ఉద్యోగ జీవితమంతా ప్లాన్ అప్రూవళ్ల మధ్యే గడిచింది. ఇద్దరూ అక్కడే పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నారు: భవనం అందంగా ఉందా లేదా అన్నది మున్సిపాలిటీ చూడాల్సిన విషయమేనా, ఎత్తు, గాలి, వెలుతురు చూస్తే చాలదా అని. నేను మధ్యలో ఇంగ్లీషులోకి, తెలుగులోకి మార్చి చెబుతున్నాను. ఉద్యోగం మానేశాక నాన్న అంత హుషారుగా మాట్లాడటం నేను చూడలేదు. అమ్మ ఆ రోమన్ గోడల చుట్టూ ఉన్న గట్టు మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది.

అక్కణ్నుంచి రాజభవనం ఆవరణలోంచి బల్‌హౌస్‌ప్లాట్జ్‌కి తీసుకెళ్లారు. ఆస్ట్రియా చాన్సలర్ కార్యాలయం అక్కడే. నేతాజీ గురించి అక్కడ చెప్పారు. ఆయన 1933లో వైద్యం కోసం వియన్నా వచ్చారు. 1930లో కలకత్తా మేయరుగా చేసిన మనిషి కదా, ఈ ఊరి పురపాలన మీద చాలా ఆసక్తి చూపారట. అప్పుడు వియన్నా మున్సిపాలిటీ ప్రపంచమంతా చెప్పుకునే పని చేస్తోంది. 1923 నుంచి ధనవంతుల ఇళ్ల మీద ఎక్కువ, పేదల ఇళ్ల మీద తక్కువ పడే పన్ను వేసి, ఆ డబ్బుతో కూలివాళ్లకి 60,000 పైగా ఇళ్లు కట్టింది. 1934 ఫిబ్రవరిలో, నియంతృత్వానికి ఎదురు తిరిగిన కార్మికుల్ని అణచడానికి ప్రభుత్వ సైన్యం ఆ ఇళ్ల మీదే ఫిరంగులు పేల్చింది. నగర పాలకవర్గాన్ని రద్దు చేశారు. ఆ జూన్‌లో నేతాజీకి ఎమిలీ షెంకెల్‌తో పరిచయమైంది, ఆయన రాస్తున్న పుస్తకానికి సహాయకురాలిగా వచ్చారావిడ. జూలై 25న చాన్సలర్ డాల్‌ఫస్‌ని నాజీలు మేం నిలబడ్డ ఆ భవనంలోనే కాల్చి చంపారు.

నాన్నకి నేతాజీ జీవితం కంఠతా వచ్చు. కానీ ఆయన నడిచిన ఊరు అప్పుడు ఎలా ఉడికిపోతోందో ఎప్పుడూ వినలేదు. "అంటే ఈయన ఒక ప్రజాస్వామ్యం కూలడం కళ్లారా చూశాడన్నమాట" అన్నారు. చాలాసేపు మౌనంగా ఉన్నారు.

తర్వాత యూడెన్‌ప్లాట్జ్. దీన్ని గురించి ఎక్కువ రాయలేను. హతమైన 65,000 మంది ఆస్ట్రియా యూదుల గుర్తుగా 2000లో పెట్టిన కాంక్రీటు గది ఉంది. గోడలన్నీ పుస్తకాల వరసలే, కానీ పుస్తకాల వీపులు లోపలికి తిరిగి ఉంటాయి, ఏ పుస్తకమో తెలీదు. తలుపుకి పిడి లేదు. గైడ్ అక్కడ రెండు ముక్కలు చెప్పి, మమ్మల్ని వదిలి దూరంగా వెళ్లి నిలబడ్డారు. అమ్మ ఆ పునాది మీద చెక్కిన శిబిరాల పేర్లు ఒక్కొక్కటే నాతో చదివించుకుంది.

అక్కడికి అమ్మ కాళ్లు అయిపోయాయి. గైడ్ దారి అక్కడితో ఆపేసి కాఫీ హోటల్లో కూర్చోబెట్టారు, తర్వాత ట్రామెక్కించి ష్వార్ట్‌సెన్‌బెర్గ్‌ప్లాట్జ్ ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లారు. కొత్తగూడెం తమ్ముడూ, సూస్ పేరు నాన్నే ముందు చెప్పేసరికి గైడ్ ఆశ్చర్యపోయారు! ఇండియాలో గోండ్వానా బొగ్గు ఎక్కడుందో నాన్న ఆవిడకి చెప్పారు, ఆవిడ తన పుస్తకంలో రాసుకున్నారు.

మర్నాడు మేమే యూ4 మెట్రో ఎక్కి హైలిగెన్‌స్టాట్‌లో దిగి కార్ల్ మార్క్స్ హోఫ్ చూశాం. 1930లో తెరిచిన ఆ మున్సిపల్ ఇళ్ల సముదాయం కిలోమీటరుకి పైగా పొడవు, దాదాపు 1,400 ఇళ్లు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా అదే. లోపల పెద్ద పెద్ద పెరళ్లు, పిల్లల బడులు, బట్టలుతికే చోట్లు. బాల్కనీల్లో బట్టలు ఆరేసుకున్నారు, ఇప్పటికీ జనం ఉంటున్నారు. కట్టింది వియన్నా మున్సిపాలిటీ అని గోడ మీద పెద్ద అక్షరాలు. నాన్న దాని కింద నిలబడి ఫొటో తీయించుకున్నారు. రాజభవనం ముందు ఒక్క ఫొటో కూడా దిగలేదు.

కెథీడ్రల్ లోపలికి వెళ్లనే లేదు. పిన్నిగారు చెప్పిన కడ్డీలు మాత్రం సాయంత్రం వెతికి పట్టుకుని అమ్మకి చూపించాను.

లక్ష్మి_పిన్ని

చదువుతుంటే కళ్లు చెమర్చాయి తల్లీ. మీ నాన్నగారితో మాట్లాడాలని ఉంది.

బ్యాక్‌ప్యాక్_రవి

తెనాలి గారూ, ఇంత బాగా జరిగినందుకు నిజంగా సంతోషం. మీ నాన్నగారి విషయంలో గైడ్ ఉండాల్సిందేనని ఒప్పుకుంటాను. కానీ అందరికీ ఇదే సలహా ఇవ్వలేను. చదువుకునే పిల్లలు వారానికి పది గంటలు పనిచేసుకుని దాచుకున్న డబ్బుతో వస్తారు. వాళ్లకి 200 యూరోలంటే నెల సరుకులు. వాళ్లు పిన్నిగారి పోస్టు, మీ పోస్టు ఫోన్లో పెట్టుకుని ఇదే దారిలో నడవచ్చు. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒక గైడ్‌ని పెట్టుకుంటే అదింకో మంచి దారి, తలా యాభై చుట్టుపక్కల పడుతుంది.

డాన్యూబ్_శ్రీ

రవి, ఆ చివరి మాట బంగారం. విద్యార్థులకి అదే సరైనది. ఎనిమిది పది మందిదాకా గైడ్ రేటు సాధారణంగా మారదు. అంతకు మించితే మాత్రం అందరికీ వినబడదు.

హనుమకొండ_సుధ

తెనాలి గారూ, గైడ్‌కి ఏమని రాశారో ఇక్కడ పెడతారా? నా పిల్లల కోసం అలాగే రాస్తాను. టిప్పు ఎంత ఇచ్చారు?

తెనాలి_అమ్మాయి

టిప్పు పది శాతం ఇచ్చాం. తప్పనిసరి కాదు, మాకు ఇవ్వాలనిపించింది. మెయిల్ ఇంగ్లీషులో రాశాను, సారాంశం ఇది:

"మేం ముగ్గురం. నాన్న మున్సిపల్ ఇంజనీరు, రిటైరయ్యారు. నీళ్లు, మురుగు కాలవలు, ఇళ్ల ప్లాన్లు, సుభాష్ చంద్రబోస్, ఇవీ ఆయన ఇష్టాలు. రాజుల వంశావళి అక్కర్లేదు. అమ్మ అరగంటకోసారి కూర్చోవాలి, మెట్లు ఎక్కలేదు. గుడ్డు, మాంసం తినరు. షాపులకి వెళ్లం. నాన్నకి ఇంగ్లీషు అర్థమవుతుంది, అమ్మకి నేను తెలుగులో చెబుతాను కాబట్టి మధ్యమధ్యలో ఆగి చెప్పండి. తక్కువ చోట్లు చూసినా పర్లేదు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెడదామా? వానొస్తే ఏం చేద్దాం?"

వాన సంగతి తప్పకుండా అడగండి. మా గైడ్ కప్పున్న ఆవరణలు, చర్చిల మీదుగా ఇంకో దారి సిద్ధంగా ఉంచుకున్నారు.

డాన్యూబ్_శ్రీ

సుధ గారూ, పిల్లలకైతే రెండు గంటలు మించొద్దు. మధ్యాహ్నం 12 అయ్యేసరికి హోహెర్ మార్క్ట్‌లో ఉండేలా దారి పెట్టమనండి. అక్కడ రెండు భవనాలని కలిపే వంతెన మీద 1914లో పూర్తయిన యాంకర్ గడియారం ఉంది. రోజంతా గంటకొక చారిత్రక బొమ్మ వస్తుంది, పన్నెండింటికి మాత్రం రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ నుంచి సంగీతకారుడు హైడెన్ దాకా పన్నెండు బొమ్మలూ సంగీతంతో వరసగా కదులుతాయి. పది నిమిషాల ముందే చేరండి, చిన్నదానికి ముందు వరసలో చోటు దొరుకుతుంది.

దాని తర్వాత జెసూట్ చర్చి. కప్పు మీద గుమ్మటం కనబడుతుంది, కానీ అక్కడ గుమ్మటం లేదు, ఆండ్రియా పొజ్జో వేసిన బొమ్మ. నేల మీద గుర్తు పెట్టిన చోట నిలబడి చూసి, తర్వాత బలిపీఠం వైపు నడుచుకుంటూ పైకి చూడమనండి. గుమ్మటం వంగిపోతుంది. ఏడో తరగతి వాడికి అది ఎలా గీశాడో కనిపెట్టమని పందెం వెయ్యండి.

డిసెంబర్‌లో క్రిస్మస్ సంతల సమయానికైతే ఇప్పుడే రాయండి, ఆ వారాంతాలు తొందరగా నిండిపోతాయి.

హనుమకొండ_సుధ

ఇప్పుడే ఇద్దరు గైడ్లకి మెయిల్ పెట్టాను. పెద్దోడికి లెక్కలంటే ఇష్టం, చిన్నదానికి గుర్రాలంటే ఇష్టం అని రాశాను.

డాన్యూబ్_శ్రీ

గుర్రాలైతే రాజభవనం పక్కన స్టాల్‌బుర్గ్ ఆవరణ. స్పానిష్ రైడింగ్ స్కూల్ తెల్ల గుర్రాలు అక్కడే ఉంటాయి. పొద్దున శిక్షణ ఉన్న రోజుల్లో వాటిని వీధి దాటించి తీసుకెళ్తారు. మెయిల్‌లో ఆ ముక్క కూడా కలపండి.